పొగ వేళకి ఇల్లు చూపులు

పలాస, కాశీబుగ్గ రెండూ కలిపి వెతికినా మా అమ్మమ్మ తవిటమ్మ అమ్మకుండా వదిలిన కట్టడం ఒక్కటే కనిపిస్తుంది. అది రైల్వే స్టేషను. అదైనా రైల్వే వాళ్ళు అమ్మే మాట ఆవిడ చెవిన వెయ్యలేదు కనక మిగిలింది. వేసి ఉంటే చైత్రంలో మనిషిని తెచ్చి, ప్లాట్‌ఫారాన్ని వీధి అరుగని, టికెట్ల గదిని దేవుడి గదని, అవతలి పట్టాల్ని పెరడని ఒప్పించి, వైశాఖం వెళ్ళకుండా అందులో పాలు పొంగించి ఉండేది. కొన్నవాడు కూడా మొదటి గూడ్సు బండి వచ్చేదాకా ఆవిణ్ణి దీవిస్తూనే ఉండేవాడు.

ఇంత వ్యాపారానికీ తవిటమ్మకి బోర్డు లేదు, ఆఫీసు లేదు. ఒక నల్ల గొడుగు, చేతిసంచీలో వక్కపొడి డబ్బా, జీడి సొన తగిలి తగిలి నల్లబడిపోయిన పది వేళ్ళు. అంతే. ఆ వేళ్ళకి కారణం జీడి ఫ్యాక్టరీ. వయసులో ఉండగా అక్కడ పిక్కలు కొట్టింది. ఆడవాళ్ళంతా వరసగా కూర్చుని పిక్కలు కొట్టేచోట పని చేతులకే గానీ నోళ్ళకి కాదు. ఏ ఇంట్లో అన్నదమ్ములు వేరు పడుతున్నారు, ఏ గుమాస్తాకి బదిలీ అయింది, ఏ కోడలు అత్తగారి పొయ్యి మీద వండనని కూర్చుంది, అన్నీ అక్కడే తేలిపోయేవి. ఇల్లు అమ్ముకుందామా అని ఇంటాయనకి తోచేసరికి తవిటమ్మకి ఆ సంగతి తెలిసి చాన్నాళ్ళయి ఉండేది.

ఒక వేసవిలో, ఊరికే మాట సాయంగా, పక్కన కూర్చుని పిక్కలు కొట్టే ఆమెకి ఒక ఇల్లు చూపించింది. బేరం కుదిరింది. కొన్నామె చీర పెట్టింది. అమ్మినాయన కొబ్బరికాయల బస్తా పంపాడు. తవిటమ్మ చీర కట్టుకుని, కొబ్బరికాయ కొట్టుకుని ఆలోచించింది.

"పిక్కలు కొడితే సేతులు కాల్తన్నాయి. ఇల్లు సూపిత్తే సీరలొత్తన్నాయి. ఇంకా ఆ ఫేట్రీలో కూకోడానికి నాకేటి పిచ్చేటి?" అని ఇంట్లో ప్రకటించి, మర్నాటి నుంచి గొడుగు పట్టుకుని వీధిలో పడింది.

ఇల్లు చూపించడాన్ని ఆవిడ 'ఇల్లు చూపులు' అనేది. పెళ్ళి చూపుల్లాగే దానికీ ఒక పద్ధతి పెట్టుకుంది. మగవాడు ఒక్కడే వస్తే చూపించేది కాదు. "మగోడు గోడలు సూత్తాడు బాబూ, ఆడది పొయ్యి సూత్తాది. ఇంటికాడికెల్లి మీ ఆవిణ్ణి తీసుకు రా" అని వెనక్కి పంపేసేది. అమ్మేవాళ్ళకీ నియమాలుండేవి. ఇల్లు చూడ్డానికి వచ్చేరోజు ఇంట్లో ఎండుచేపలు వేపకూడదు. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకోకూడదు. పోట్లాట మరీ ఆగకపోతే మొగుణ్ణి బజారుకి పంపాలి.

అన్నిటికంటే పెద్ద నియమం ఆవిడ తనకి తాను పెట్టుకున్నది. అడిగినదానికి అబద్ధం చెప్పేది కాదు. అడగకుండా చూసుకునేది.

ఆ రోజుల్లో మా వైపు ఇళ్ళ బేరాలన్నీ వేసవిలోనే. చైత్రం వచ్చేసరికి సముద్రపు ఒడ్డున ఉన్న ఉద్దానం తోటల నుంచి జీడిపిక్కల బస్తాలు దిగేవి. రైతుల చేతుల్లో నాలుగు రూపాయలు ఆడేవి. బడులకి సెలవులు. కలకత్తాకీ చెన్నైకీ పనికి పోయినవాళ్ళు అమ్మవారి సంబరాలకి ఊళ్ళు చేరేవారు. బదిలీలూ ముహూర్తాలూ కూడా అప్పుడే. అందుకని అమ్మేవాళ్ళు ఉగాదికి సున్నాలు వేసేసుకుని, తలుపులకి రంగు పూసేసుకుని, పెళ్ళికూతుళ్ళలాగ కూర్చునేవారు.

అమ్మేవాడికి వేసవిలో ఉన్న సుఖం ఏమిటంటే, కప్పు ఎక్కడ కారుతుందో కొనేవాడికి తెలీదు. కొనేవాడికున్న సుఖం, నుయ్యి అడుగు కనిపిస్తుంది. ఒకే ఎండ ఇద్దరికీ చెరోవైపు పనిచేసేది. వానలు పడ్డాక అందరి నూతుల్లోనూ నీళ్ళే కనక అప్పుడు చూసి లాభం లేదని కొనేవాళ్ళు వచ్చేవారు కాదు. జూన్ దాటిందంటే అమ్ముడుపోని ఇల్లు మళ్ళీ ఉగాదిదాకా సున్నం వెలిసిపోతూ ఉండాల్సిందే.

బట్టలు కుట్టే రామూర్తి ఇల్లు ఒక వేసవిలో అలాగే ఆగిపోయేలా ఉంది. నుయ్యి ఎండిపోయింది. ఆయన తవిటమ్మకి చెప్పకుండా, చూపుల రోజు తెల్లారేసరికి చెరువు నీళ్ళు ట్యాంకరుతో తెప్పించి నూతిలో పోయించాడు. కొనేవాళ్ళ చిన్నపిల్ల నూతిలోకి తొంగి చూసి, "అమ్మా, సేపలు!" అని అరిచింది. అందరూ వంగి చూశారు. నిజమే, చిన్నచిన్న పరిగెలు తిరుగుతున్నాయి. రామూర్తి మొహం సున్నం కొట్టినట్టయింది.

తవిటమ్మ ఒక్కసారి ఆయన వైపు చూసింది. "అదురుట్టం గల పిల్ల. మీకింక కూరకి ఎతుక్కోనక్కర్నేదు" అంది.

కొనే ఆయన నవ్వాడు గానీ, నవ్వుతూనే అడగవలసిన ప్రశ్న అడిగేశాడు. "ఈ నీలు ఈ నూతివేనా?"

"కావు" అంది తవిటమ్మ. బేరం పోయింది. దారిపొడుగునా రామూర్తిని తిట్టింది. నీళ్ళు పోయించినందుకు కాదు, చేపలు ఏరించనందుకు.

ఇక పొగ సంగతి. తవిటమ్మ ఉన్న వీధికి తూర్పున జీడిపిక్కలు వేపే బట్టీ ఒకటి ఉండేది. పొద్దుటిపూట గాలి మా వైపు ఉండదు కనక పొగ పొలాల మీదికి పోయేది. మధ్యాహ్నం తిరిగేసరికి సముద్రపు గాలి మొదలై, ఆ పొగనంతా తెచ్చి వీధిలో పోసేది. ఘాటుగా, జిడ్డుగా, కళ్ళలో కారం కొట్టినట్టుండే పొగ. ఆరేసిన బట్టలకి పట్టుకునేది, అన్నానికి పట్టుకునేది. ఆ వీధిలో నాలుగు ఇళ్ళు తవిటమ్మే అమ్మింది. నాలుగూ పొద్దున్నే చూపించింది. కొన్నవాళ్ళు కాపురానికి వచ్చాక మధ్యాహ్నం ఆవిడ గుమ్మం ముందు నిలబడి దగ్గుతూ తిట్టేవారు. ఆవిడ మంచినీళ్ళు ఇచ్చేది.

ఇంతమందికి ఇళ్ళు కొనిపించిన మనిషి తాను మాత్రం అద్దె ఇంట్లో ఉండేది. ఆ వీధిలోనే. ముందు వాటాలో ఇంటావిడ భాగ్యమ్మ, వెనక వాటాలో తవిటమ్మ, మధ్యలో వాకిలి, వాకిట్లో నుయ్యి. భాగ్యమ్మ భర్త వరప్రసాదు మేస్టారు బతికున్న రోజుల్లో, తవిటమ్మ నిండు నెలలతో ఆ ఇంట్లో దిగింది. దిగిన నెలలోనే మా అమ్మ పుట్టింది. ఆ తర్వాత మేస్టారు పోయారు, మా తాత పోయాడు, మా అమ్మకీ భాగ్యమ్మ కూతురు హెలెన్‌కీ పెళ్ళిళ్ళయ్యాయి. ఆడవాళ్ళిద్దరూ ఆ నూతికి అటూ ఇటూ మిగిలారు.

భాగ్యమ్మ బాప్టిస్టు చర్చి మనిషి. సాయంత్రం దీపం పెట్టే వేళకి పైకి వినబడేలా ప్రార్థన చేసుకునేది. తెలిసినవాళ్ళందరి బాధలూ పేరుపేరునా ప్రభువుకి విన్నవించేది. వెనక వాటాలో తవిటమ్మ బియ్యం ఏరుకుంటూ వినేది.

"ప్రభువా, తవిటి మోకాలి నొప్పి తగ్గించు..."

"కుడిదని సెప్పు!" అని ఇటునుంచి కేక వేసేది తవిటమ్మ. "ఎడంది బాగానే ఉంది. ఆయన తప్పుదానికి మందెయ్యగల్డు!"

"...కుడి మోకాలు ప్రభువా. దాని నోరు కూడా."

రెండువేల సంవత్సరం వేసవి మిగతా వేసవుల్లాగ రాలేదు. అంతకు ముందు అక్టోబరులో తుపాను వచ్చి ఉద్దానాన్ని పడుకోబెట్టేసింది. కొబ్బరిచెట్లు విరిగాయి, జీడిమామిడి చెట్లు వేళ్ళతో లేచాయి. చైత్రం వచ్చినా పిక్కల బస్తాలు అరకొరగానే దిగాయి. బట్టీలు బయటి నుంచి తెప్పించిన సరుకుతో నడిచాయి. తోటలు పోయినవాళ్ళు తీరంలో ఉన్న ఇళ్ళు అమ్ముదామంటే అడిగే దిక్కు లేదు. టౌనులోకి వచ్చి తలదాచుకుందామంటే ఇక్కడ ధర దిగదు. ఊళ్ళలో అంతా అమ్మేవాళ్ళు, పలాసలో అంతా చూసేవాళ్ళు. చూసినవాళ్ళు కొనలేక తిరిగి పోయేవారు. అలాంటి వేసవిలో ఒకనాడు, నూతి గట్టు మీద పనసపండు కోస్తూ భాగ్యమ్మ సంగతి చెప్పింది.

"తవిటీ, హెలెన్ ఫోను చేసింది. ఎస్టీడీ బూతుకి ఎల్లి మాటాడొచ్చినాను."

"ఏటంటాది?"

"ఆసుపత్రిలో దానికి నైటు డ్యూటీలు. పసిదాన్ని సూసుకునీ మనిషి లేదు. విశాపట్నంలో ఒక చిన్న ఫ్లాటుకి బయానా ఇచ్చుకున్నారు. ఈ ఇల్లు అమ్మీసి నన్నొచ్చీమంటంది. జూన్ లోగా సొమ్ము కట్టకపోతే ఆ ఫ్లాటు పోద్దంట."

తవిటమ్మ ఒక తొన తీసుకుని, పిక్క తీసి, నోట్లో వేసుకుంది. "తియ్యగుంది" అంది.

"నేను పనసపండు ఊసు సెప్పడం లేదు."

"ఇన్నాను."

"వేసవి దాటితే ఎవరూ కొనరని నువ్వే అంటావు. మరింకెవరికి సెప్పుకోను? నువ్వే అమ్మిపెట్టాలి."

"అమ్మిపెడతాను. నా పనే అది గదా" అంది తవిటమ్మ. చేతులకున్న పనస జిగురు నూనెతో తుడుచుకుంటూ చాలాసేపు కూర్చుంది. ఆ ఇల్లు అమ్ముడుపోతే ముందు వాటా ఖాళీ అవుతుంది. వెనక వాటా ఉంటుందో ఊడుతుందో కొనేవాడి దయ. పలాసలో ఎవరికీ తెలియని సంగతి, ఒక ఇల్లు అమ్ముడుపోకుండా ఉండాలంటే ఏం చెయ్యాలన్నది, తవిటమ్మకి బాగా తెలుసు.

మొదట టెక్కలి నుంచి బదిలీ మీద వచ్చిన ఒక గుమాస్తానీ ఆయన భార్యనీ తెచ్చింది. ఎండ నడినెత్తి నుంచి దిగాక తెచ్చింది. వాళ్ళు ముందు గది చూసి, వంటగది చూసి, నూతి దగ్గరికి వచ్చేసరికి సముద్రపు గాలి కూడా వచ్చింది.

"ఆ పొగేమిటమ్మా?" అన్నాడు గుమాస్తా.

"ఏ పొగ బాబూ?"

"ఇదిగో, ఈ మన మధ్యలో ఉన్నది."

"ఓ, ఇదా? జీడి బట్టీది. అలవాటైపోద్ది. మొదట్లో రొండేళ్ళు దగ్గొత్తాది, అంతే."

గుమాస్తా భార్య అప్పటికే వీధిలో ఉంది.

తర్వాత కాశీబుగ్గ బట్టల కొట్టు ఆసామి భార్యతో వచ్చాడు. మనిషి మల్లెపువ్వులాంటి పంచె కట్టుకున్నాడు. అదీ మధ్యాహ్నమే. ఆయన ఇల్లంతా నచ్చిందన్నాడు. గోడలు గట్టివన్నాడు. తవిటమ్మ కాదనలేదు. ఆయన భార్య మాత్రం, "ఇక్కడ బట్టలు ఆరేసుకోవడానికి చోటు బాగుంది" అంది.

"చోటు బాగుంది తల్లీ" అంది తవిటమ్మ. "ఆరేసిన బట్టలు తెల్లవి కాకపోతే ఇంకా బాగుంటాది."

ఆసామి తన పంచె వైపు చూసుకున్నాడు. ఆ తర్వాత మరో ఇద్దరు వచ్చారు. వాళ్ళూ మధ్యాహ్నమే వచ్చారు, వాళ్ళూ దగ్గుకుంటూనే పోయారు. వచ్చినవాళ్ళందరికీ భాగ్యమ్మ మజ్జిగ ఇచ్చింది. పోయినవాళ్ళ గ్లాసులన్నీ కడుక్కుంది. వైశాఖం సగానికి వచ్చింది. ఒకరోజు గ్లాసులు బోర్లిస్తూ అంది.

"తవిటీ, రేపట్నుంచి పొద్దున్న తీసుకురా."

"పొద్దున్నైతే కొనీవోలకి కాలీ ఉండదు."

"ఎవరికీ ఉండదా?"

"ఎండాకాలం గదా."

"ఎండాకాలమని మిట్టమద్దినాలు తిప్పుతన్నావా?" భాగ్యమ్మ గొంతు పెంచలేదు. "ఈ వీధిలో నాలుగిల్లు అమ్మినావు. నాలుగూ పొద్దున్నే సూపించినావు. నా ఇంటికొచ్చీసరికి పొగ వేల కావలసొచ్చింది. నేనిక్కడే ఉంటన్నాను గదే తవిటీ. నాకు ముక్కు లేదనుకున్నావా?"

తవిటమ్మ వక్కపొడి డబ్బా తీసింది, మూత తియ్యలేదు.

"జూన్ దాటితే హెలెన్ ఫ్లాటు పోద్ది" అని చెప్పి భాగ్యమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ప్రార్థన మామూలుగానే వినబడింది. హెలెన్ పేరు వచ్చింది, అల్లుడు జెర్రీ పేరు వచ్చింది, పాలవాడి గేదె పేరు కూడా వచ్చింది. తవిటమ్మ బియ్యం చేట ఒళ్ళో పెట్టుకుని ఆఖరుదాకా విన్నది. మోకాలి ఊసు రాలేదు.

ఆ వారంలోనే మందస ఇవతలి ఊరి నుంచి పాపారావు అనే రైతు కబురు పెట్టాడు. తుపానుకి తోట పోయింది. మిగిలిన నేల కొంత అమ్మి టౌనులో ఇల్లు కొని, బట్టీలో పని చూసుకుందామని ఆలోచన. భార్య నూకమ్మని తీసుకుని సుమ్మాదేవి స్టేషనులో రైలెక్కి వస్తానన్నాడు. మధ్యాహ్నం దిగే బండికి వస్తానన్నాడు. పొద్దున్న దిగే బండి కూడా ఉంది. ఆ సంగతి తవిటమ్మ చెప్పలేదు. ఆయన అడగలేదు.

స్టేషను నుంచి వాళ్ళని తెచ్చేసరికి భాగ్యమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఎండ వైపు చూసి, తవిటమ్మ వైపు చూసింది.

"బండి అప్పుడే గదా దిగింది" అంది తవిటమ్మ, ఎవరూ అడక్కుండానే.

"బండి కూడా నీ మనిషేనేటే?" అని భాగ్యమ్మ మజ్జిగకి లోపలికి వెళ్ళింది.

పాపారావు గోడలు తట్టి చూశాడు, దూలాలు చూశాడు, నూతిలో చేద వేసి నీళ్ళు తాగాడు. నూకమ్మ మాత్రం ఏమీ మాట్లాడలేదు. చిక్కిపోయిన మనిషి. పరాయి ఇంట్లో అడుగు పెట్టడానికి సిగ్గుపడుతున్నట్టు గోడల వారనే నడిచింది. పొయ్యి చూడమంటే చూసింది, తల ఊపింది. ఏదో మొక్కుబడికి వచ్చినట్టుంది. తవిటమ్మకి ధైర్యం వచ్చింది. ఈ మనిషి కొనదు అనుకుంది.

అందరూ వాకిట్లోకి వచ్చాక గాలి తిరిగింది. పొగ గోడ మీంచి దిగి, నూతిని చుట్టుకుని, వాకిలంతా నిండింది. పాపారావు తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని దగ్గాడు. నూకమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుంటుందని తవిటమ్మ ఎదురు చూసింది.

నూకమ్మ కొంగు తీసి నడుముకి చుట్టుకుంది. మొహం పైకెత్తి, పొగలో కళ్ళు మూసుకుని నిలబడింది.

"మావాఁ" అంది. ఆ ఇంట్లోకి వచ్చాక ఆమె మాట్లాడిన మొదటి మాట అది. "తోటలో పిక్కలు కాల్సినట్టు నేదూ?"

పాపారావు తువ్వాలు తీసి గాలి పీల్చాడు. మళ్ళీ దగ్గాడు గానీ, "అవునే" అన్నాడు.

"వేసంగొత్తే సెట్ల కింద ఎండాకులు పోగేసి పిక్కలు కాల్సీవోలం పిన్నీ" అంది నూకమ్మ తవిటమ్మతో. "నోరంతా నల్లగైపోయీది. మా అత్త తిట్టీది. ఈ ఏడు మాకా వాసనే నేదు. వేసంగొచ్చినట్టే తెలీనేదు." నూతి గట్టు మీద కూలబడి, పొగకో మరి దేనికో, కళ్ళు తుడుచుకుంది. అంతవరకూ గోడల వారన నడిచిన మనిషి, ఇప్పుడు కాళ్ళు చాపుకుని కూర్చుంది.

ఇళ్ళు అమ్మిన ఇన్నేళ్ళలోనూ తవిటమ్మకి ఇలాంటిది ఎదురుపడలేదు. పొగని దాచిపెట్టి అమ్మడం తెలుసు. పొగని చూపించి చెడగొట్టడం తెలుసు. పొగ కోసమే కొనేవాళ్ళుంటారని తెలీదు.

"పిన్నీ" అంది నూకమ్మ. "నువ్వీ ఇంట్లోనే ఉంతన్నావంట గదా. నిజం సెప్పు. ఇల్లెలగుంటాది?"

మజ్జిగ గ్లాసులతో భాగ్యమ్మ గుమ్మంలో ఆగిపోయింది. ఆ ప్రశ్న ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. అడగకుండానే తవిటమ్మ అందర్నీ వీధిలోకి పంపేసింది. ఇప్పుడు ఒక్క మాట చాలు. ఎండాకాలం నిద్ర పట్టదంటే చాలు. అది కూడా సగం నిజమే. తవిటమ్మ గొడుగు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"నా కూతురు కడుపులో ఉండగా ఈ ఇంట్లో దిగినాను" అంది చివరికి. "దానికిప్పుడు పెల్లై పిల్లలు. ఊరందరికీ ఇల్లు సూపించినాను. మేడలు సూపించినాను. ఏ ఇల్లు సూసినా అందులో ఉందారని నాకనిపించనేదు. ఈ ఇంట్లోంచి ఎలిపోదారనీ అనిపించనేదు."

"మరి నీలు?"

"ఈ నుయ్యి ఎండగా నాను సూడనేదు."

"మరి మనుసులు?"

తవిటమ్మ గుమ్మం వైపు చూసింది. "మంచోలే. మంచోలే ఎలిపోతన్నారు."

"ఇంకేటి సూసీది మావా?" అంది నూకమ్మ.

మర్నాడే బయానా ముట్టింది. ఆ సాయంత్రం ప్రార్థనలో హెలెన్ వచ్చింది, జెర్రీ వచ్చాడు, పాపారావు తోట వచ్చింది. ఆఖర్ని తవిటి మోకాలు కూడా వచ్చింది. కుడిదో ఎడందో భాగ్యమ్మ చెప్పలేదు. తవిటమ్మ సరిచెయ్యలేదు.

జూన్‌లో జెర్రీ వచ్చి అత్తగారిని తీసుకెళ్ళాడు. తవిటమ్మ స్టేషనుదాకా వెళ్ళింది. పసిపిల్లంత ఉన్న పనసకాయని రిక్షాలో పెట్టించింది.

"ఇంత కాయ రైల్లో ఎవరు మోస్తారే తవిటీ?"

"జెర్రీ మోత్తాడు. అల్లుల్లెందుకున్నారు?"

"అక్కడ దొరకవేటి పనసకాయలు?"

"దొరుకుతాయి. బాగోవు."

జెర్రీ కాయని భుజానికెత్తుకున్నాడు. బండి కదిలేదాకా ఇద్దరూ ఆ కాయ ఎప్పుడు పండుతుందన్న సంగతి మీదే పోట్లాడుకున్నారు. రేపు పండుతుందని ఒకరు, ఎల్లుండిదాకా కొయ్యొద్దని ఒకరు. కిటికీ ఊచల్లోంచి భాగ్యమ్మ ఏదో అంటూనే ఉంది, ఇంజను కూతలో వినబడలేదు. తవిటమ్మ, "ఎల్లుండి! ఎల్లుండి!" అని కేకలు వేస్తూ ప్లాట్‌ఫారం చివరిదాకా కుడి మోకాలి మీద కుంటుకుంటూ నడిచింది.

పాపారావు కుటుంబం ముందు వాటాలో దిగింది. నూకమ్మ మొదటిరోజే వెనక వాటాకి వచ్చి చెప్పింది. "పిన్నీ, నువ్వెక్కడికీ ఎల్లకు. ఈ గదులు నీవే. నువ్వు నేకపోతే మాకీ ఇల్లు దొరికీదేటి?"

"అలగే తల్లీ" అంది తవిటమ్మ.

అన్నదే గానీ ఉండలేదు. కొన్నాళ్ళు సాయంత్రాలు బియ్యం చేట పట్టుకుని కూర్చుంది. నూకమ్మ పిల్లలు మంచివాళ్ళే, గోల చేసేవారు. పొగ మామూలుగానే వచ్చేది. నుయ్యి మామూలుగానే ఉంది. ఒకనాడు తవిటమ్మ సామాను సర్దేసింది. అది కూడా ఆషాఢంలో. ఆషాఢంలో ఇల్లు మారకూడదని ఊరందరికీ చెప్పి, తొందరపడేవాళ్ళని శ్రావణందాకా ఆపిన మనిషి, చినుకుల్లో గొడుగేసుకుని, తోపుడు బండి మీద గిన్నెలు చప్పుడవుతుంటే కాశీబుగ్గ వైపు ఒక గదికి వెళ్ళిపోయింది.

దారిలో రామూర్తి కుట్టు మిషను ఆపి మరీ అడిగాడు. "ఏటి తవిటమ్మప్పా, ఆసాఢంలో గృహప్రవేశమేటి?"

"నువ్వు నూతిలో సేపలు పెంచనేదేటి? నాను ఆసాఢంలో ఇల్లు మారితే తప్పొచ్చిందా?" అంది తవిటమ్మ, బండి ఆపకుండా.

ఆ తర్వాత కూడా కొన్ని వేసవులు ఇళ్ళు చూపించింది. పాత వీధిలో ఇల్లు అమ్మకానికొస్తే మాత్రం వేరేవాళ్ళకి వదిలేసేది. క్రమంగా పలాస మారిపోయింది. బట్టీలు పోయి బాయిలర్లు వచ్చాయి, పొగ పలచబడింది. ఇప్పుడు ఇళ్ళు అమ్మేవాళ్ళకి మోటారు సైకిళ్ళున్నాయి, సెల్లు ఫోన్లున్నాయి. ఊరి బయట పొలాల్లో రంగు రాళ్ళు పాతి, జెండాలు కట్టి, లేని ఇళ్ళు కూడా చూపిస్తున్నారు. ఎండాకాలమే కొనాలని ఎవరూ అనుకోవడం లేదు. నూతిలోకి తొంగి చూడ్డానికి నుయ్యే లేదు. ఆ కుర్రాళ్ళు అప్పుడప్పుడు తవిటమ్మ దగ్గరికి వచ్చి సలహా అడుగుతారు. కొనడానికి వచ్చినవాడు పెళ్ళాన్ని తీసుకు వచ్చాడా అని అడుగుతుంది. లేదంటే వాణ్ణి వెనక్కి పంపెయ్యమంటుంది.

ఇదంతా రాసుకుని, మొన్న వేసవిలో ఆవిడ మంచం పక్కన కూర్చుని చదివి వినిపించాను. చేపల దగ్గర నవ్వింది. పొగ దగ్గర కళ్ళు మూసుకుంది, నిద్రపోయిందనుకున్నాను. చదవడం అయ్యాక, ఎప్పటినుంచో నాకు అర్థం కాని సంగతి అడిగాను.

"అమ్మమ్మా, ఆ ఇల్లు పోకుండా ఉండాలని అంతమందిని దగ్గించి తరిమేశావు కదా. తీరా నూకమ్మ ఉండమంటే, నీ గదులు నీకే ఇస్తానంటే, ఎందుకు వెళ్ళిపోయావు?"

అమ్మమ్మ కళ్ళు తెరిచి నన్ను ఎగాదిగా చూసింది.

"ఇల్లెవులిక్కావాలే ఎర్రిమొకమా? భాగ్యం ఎలిపోకండుండాలని గదా ఆ ఇల్లు ఆపినాను. అది ఎలిపోనాక ఆ గోడలు నానేటి సేసుకుంతాను? ఇంత రాసినావు, ఇదొక్కటీ తెలీనేదు నీకు. పదో తరగతి రొండుసార్లు తప్పినావంటే తప్పవా మరి!"